ఎత్తు ఎక్కాలి, పాత స్టీలు సైకిలు: ఏ మోటారు?

చైన్‌కవర్:
నా పాత సైకిలుకి కరెంటు మోటారు బిగించాలనుకుంటున్నాను. 26 అంగుళాల చక్రాలు, గేర్లు లేవు, స్టీలు ఫ్రేము, స్టీలు ఫోర్కు. మనిషి 78 కిలోలు, సైకిలు బ్యాటరీతో కలిపి 22. విశాఖలో రోజుకి రానూపోనూ 18 కి.మీ., దారిలో అర కిలోమీటరు పొడవున ఎక్కుడు, వాలు 6 శాతం ఉంటుంది. దొరుకుతున్నవి మూడు: 24 వోల్టుల ఎమ్‌వై1016జెడ్2 చైను మోటారు, 36 వోల్టుల 250 వాట్ల గేర్డ్ హబ్ (చక్రం మధ్యలోనే ఉండే, లోపల గేర్లున్న మోటారు; నిమిషానికి 201 చుట్లు, అంటే 201 ఆర్‌పీఎం), 350 వాట్ల హబ్ (328 ఆర్‌పీఎం). వాట్లు ఎక్కువ కదా అని మూడోదాని మీద మనసుంది.

స్పోకురెంచి:
స్టిక్కరు మీద వాట్లు పక్కన పెట్టి ఆర్‌పీఎం చూడండి. మీ చక్రం ఒక చుట్టుకి దాదాపు 2.07 మీటర్లు పోతుంది. 201 ఆర్‌పీఎం అంటే గంటకి 25 కి.మీ., 328 అంటే 40. ఆ వేగం ఊరికే రాదు. అదే సైజు మోటారులో ఒక్కో ఆంపియరుకి వచ్చే టార్కు (చక్రాన్ని తిప్పే బలం) 201 రకంతో పోలిస్తే మూడింట రెండొంతులు కూడా ఉండదు. చదునులో దూసుకుపోతుంది, ఎత్తులో నీరసపడుతుంది.

మీ ఎత్తు మీద 15 కి.మీ. వేగానికి బరువు లాగడానికే 245 వాట్లు, టైర్ల రాపిడికి ఇంకో 40. అందులో 100 మీ కాళ్లు ఇస్తే 250 వాట్ల హబ్ హాయిగా ఎక్కేస్తుంది. తొక్కడం మానేసి వేగం 8కి పడిపోయినా థ్రాటిల్ పట్టుకునే ఉంటే కరెంటులో పెద్ద భాగం వేడిగా మారుతుంది. మోటార్లు కాలేది అక్కడే. లోపలి నైలాన్ గేర్ల పళ్లు ఊడేది మాత్రం 15 ఆంపియర్ల కంట్రోలరు (మోటారుకి కరెంటు అందించే పెట్టె) తీసి 25ది పెట్టినప్పుడు.

ఇంకోటి, చట్టం సంగతి: 30 నిమిషాల పవరు 250 వాట్ల లోపు, వేగం 25 లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపు ఉండాలి. ఇవి దాటితే అది మోటారు వాహనం, రిజిస్ట్రేషను కావాలి. మూడోది అక్కడే పోయింది.

గ్రీజుడబ్బా:
చైను మోటారు మరీ తీసెయ్యాల్సినదేం కాదు. రెండు వైర్లు, చవక కంట్రోలరు, బ్రష్షులు అరిగితే మార్చుకోవచ్చు. గొడవంతా బిగింపుతోనే. 9 పళ్ల స్ప్రాకెట్టు వెనక స్ప్రాకెట్టుతో ఒకే గీతలో లేకపోయినా, లోడు పడ్డప్పుడు బ్రాకెట్టు వంగినా చైను జారుతుంది. మంచి వెల్డరు దొరక్కపోతే హబ్‌కే వెళ్లండి.

స్పోకురెంచి:
హబ్ ముందు చక్రానికే. వెనక హబ్‌లకి సాధారణంగా 135 మి.మీ. వెడల్పు కావాలి, గేర్లు లేని పాత ఫ్రేముల్లో అంత ఉండదు. కొనేలోపు ముందు చక్రం ఫోర్కు లోపలి కొలత చూసుకోండి.

చైన్‌కవర్:
94 మి.మీ. వచ్చింది. ఇరుసు గాడి 8.

స్పోకురెంచి:
హబ్‌కి 100 కావాలి. స్టీలు కాబట్టి ఫోర్కు రెండు కాళ్లూ చెరి 3 మి.మీ. సాగదీయొచ్చు; అల్యూమినియం అయితే ఆ పని చేయొద్దు. హబ్ ఇరుసు చదును వైపు 10 మి.మీ. ఉంటుంది. ఇరుసుని అరగదీయకండి, గాడినే రెండు అంచులా సమానంగా ఆకురాయితో అరగదీయండి, లేకపోతే చక్రం పక్కకి కూర్చుంటుంది. టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరక్కుండా ఫోర్కుకి బిగించే ఇనప పట్టీ) తప్పనిసరి. అది లేకపోతే ఇరుసు గాడిలో తిరిగి వైర్లు మెలిపడి తెగుతాయి. ఇరుసు దగ్గర వైరుని కిందికి వంపు తిప్పి పైకి తీసుకెళ్లండి, వాన నీళ్లు లోపలికి కారవు.

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు చాలు. బీఎమ్ఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) 20 ఆంపియర్లు నిలకడగా ఇచ్చేది చూడండి. మొదటిసారి చక్రం గాల్లో పెట్టి తిప్పండి. గరగరలాడి వణికితే ఫేజు వైర్లు (మోటారుకి కరెంటు ఇచ్చేవి), హాల్ వైర్ల (మోటారు ఏ స్థానంలో ఉందో చెప్పేవి) వరస తప్పినట్టే, వెంటనే ఆపెయ్యండి.