సమస్యాపూరణం: “నీరు పరుగు లెత్త నిప్పు రగిలె”

గణపాఠి (నిర్వహణ): కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. నీరు పారితే నిప్పు ఆరాలి గాని రగలడమేమిటని అడగకండి, అది చెప్పాల్సింది మీరే. వస్తువు మాత్రం నియమం: నీటితో చల్లబరిచే కంప్యూటర్, అందులోని పంపు, దానికిచ్చే కరెంటు. పొయ్యిలూ సముద్రాలూ బడబాగ్నులూ తెస్తే పరిశీలించను.

తీగలరాయుడు:

ఫ్యాను కొఱకు నున్న పల్చని పిన్నుకే
పంపు కలిపి నావు బావ! నీవు
ఒక్క యాంపు దారి నొకటిన్న రాంపేగ
నీరు పరుగు లెత్త నిప్పు రగిలె

గణపాఠి: రాయుడుగారూ, బోణీ అదిరింది. “ఒకటిన్నరాంపేగ” దగ్గర సంధి, గణం, లెక్క మూడూ కుదిరాయి. 18 వాట్ల డీడీసీ (కంప్యూటర్లలో వాడే ఒక రకం నీటి పంపు) 12 వోల్టుల మీద నడిపితే సరిగ్గా ఒకటిన్నర ఆంపే. ఒక్క లోపం. “నీవు” తర్వాత పాదం “ఒక్క” అని మొదలైంది. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం కదా! “బావమఱది! / యొక్క యాంపు” అనండి, యడాగమంతో గండం గడుస్తుంది, యతికీ ఢోకా లేదు.

చల్లనిచిప్పు: పద్యం బాగుంది గాని, నిజంగా నిప్పు రగులుతుందా రాయుడుగారూ? మదర్‌బోర్డ్ మీద ఫ్యాను పిన్నులు సాధారణంగా 1 ఆంపు, అంటే 12 వాట్ల వరకే. డీ5 అనే మరో రకం పంపయితే పూర్తి వేగంలో 23 వాట్ల దాకా లాగుతుంది. రక్షణ ఉన్న బోర్డయితే ఆ పిన్ను మూగబోయి ఊరుకుంటుంది. లేనిదైతేనే మీరన్న వాసన వస్తుంది. పంపు కోసమని 2, 3 ఆంపుల పిన్ను విడిగా ఇచ్చే బోర్డులూ ఉన్నాయి, వాటిని మీ పద్యం నుంచి మినహాయించాలి.

తీగలరాయుడు: మినహాయించాను. “పల్చని పిన్ను” అన్నది అందుకే! సవరణకు ధన్యవాదాలు గురువుగారూ.

జలతరంగిణి:

పరుగు హెచ్చె నేని పట్టదు వేడిని
పట్టు తీరి కేది పారు నీట
అందు వలన చిప్పు మంటలా మారెను
నీరు పరుగు లెత్త నిప్పు రగిలె

గణపాఠి: తరంగిణిగారూ, ధార హాయిగా ఉంది. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది, “అం”కూ “మం”కూ మైత్రి లేదు. “అందు వలన చిప్పె యగ్గియై మండెను” అంటే సరిపోతుంది. భావం సంగతి చల్లనిచిప్పుగారికి వదిలేస్తున్నాను.

చల్లనిచిప్పు: అమ్మా, ఈ భావాన్ని మాత్రం ఒప్పుకోలేను. నీరు జోరుగా పోతే వేడి పీల్చుకునే తీరిక ఉండదన్న మాట చాలామంది నోట విన్నాను, అది తప్పు. నీరు ఒక్కసారి పోయి ఊరుకోదు, అదే గొట్టంలో తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. లెక్క చూడండి: 300 వాట్ల చిప్పు మీదుగా నిమిషానికి 4 లీటర్లు పారితే ఆ నీరు వేడెక్కేది సుమారు 1 డిగ్రీ. 1 లీటరే పారితే 4 డిగ్రీలు దాటుతుంది. అంటే జోరు పెరిగితే మేలే. కాకపోతే ఆ మేలు త్వరగా కరిగిపోతుంది, 4 నుంచి 8కి పెంచితే కలిసొచ్చేది అర డిగ్రీ. డబ్బా మీద గంటకు 1500 లీటర్లని చూసి మురిసేవాళ్ళు కూడా ఇది గమనించాలి. ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటి అంకె అది. రేడియేటరూ, చిప్పు మీద బిగించే, సన్నటి గాడులున్న లోహపు బ్లాకులూ, వంపులూ దాటేసరికి అందులో చిన్న వంతే మిగులుతుంది. పంపు ఎంచేటప్పుడు చూడాల్సింది అది నీటిని ఎన్ని మీటర్లు ఎత్తగలదన్నది. బ్లాకులు ఎక్కువైన లూప్‌కు (నీరు తిరిగే దారికి) డీడీసీ అందుకే నచ్చుతుంది, అడుగున బాగా వేడెక్కుతుందన్న మాటేగాని.

మీ సమస్యకు అసలు దారి వేరే ఉంది. పంపు తినే వాట్లలో ఎక్కువ భాగం చివరికి నీటిలోకే వేడిగా చేరుతుంది. మొదటి రెండు పాదాలు ఇలా మార్చి చూడండి:

పంపు తిన్న వాట్లు పారు నీటికె చేరు
వేగ మొసగ మొసగ వేడి పెరిగె

జలతరంగిణి: నా పద్యంలో నావి ఎన్ని మాటలు మిగిలాయో లెక్కపెట్టుకుంటున్నాను! అయినా ఇదే బాగుంది, మార్చుకున్నాను.

గణపాఠి: 23 వాట్లకు చిప్పు అగ్గి కాదు లెండి. అతిశయోక్తి అలంకారమే, దోషం కాదు.

వేణువు:

తొట్టి నింప కుండ తొందర పడి పంపు
తిప్పి నంత లోన తీరె బ్రతుకు
కీచు మనుచు నాగె. కినుకతో వాని కన్
నీరు పరుగు లెత్త నిప్పు రగిలె

గణపాఠి: పాదం విరిచి “కన్నీరు” చేసిన చమత్కారానికి వీరతాడు! సమస్య ముడి విప్పడమంటే ఇదీ. నిప్పు ఎక్కడ రగిలిందో మాత్రం చెప్పలేదు, “కినుక”ను పట్టుకుని మేమే కోపాగ్ని అనుకోవాలి.

తీగలరాయుడు: ఈ పంపుల్లో బేరింగుకు నూనె వగైరా ఉండవు, పారే నీరే కందెన. అందుకే తొట్టి పంపు కన్నా ఎత్తులో ఉండాలి.

పిన్నుపంతులు:

ముడులు చూడ కుండ మొత్తము నొకసారి
వెలుగు మనగ బొట్టు వేగ జారి
చిప్పు మీద పడెను, చిటపట రవ్వతో
నీరు పరుగు లెత్త నిప్పు రగిలె

గణపాఠి: నిర్దోషం.

తీగలరాయుడు: ఈ గండం రాకుండా, నీరు నింపేటప్పుడు పవర్ సప్లై నుంచి పంపుకొక్కదానికే తీగ ఉంచి, మిగతావన్నీ పీకేయాలి. స్విచ్చి ఆపి ఉండగా 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను ఏదో ఒక నల్ల తీగతో కలిపి, ఆపైన స్విచ్చి వేస్తే, బోర్డు లేకుండానే సప్లై మేలుకుంటుంది. తీగలన్నీ నల్లవే అయితే రంగును నమ్మకుండా పిన్నుల బొమ్మ చూసుకోవాలి.

చల్లనిచిప్పు: నేనూ ఒకటి వేస్తున్నాను గురువుగారూ, తప్పులుంటే చెప్పండి.

పవరు పెట్టె నుండి పన్నెండు వోల్టుల
బలము నిచ్చి బోర్డు పనికి రెండు
తీగ లిడితి నంతె, తెగడెడు హృదయాల
నీరు పరుగు లెత్త నిప్పు రగిలె

గణపాఠి: అసూయాగ్ని! ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. ఆ “రెండు తీగలు” ఏమిటో తెలియనివారికి ఒక ముక్క చెప్పండి.

చల్లనిచిప్పు: ఒకటి వేగం ఎంతో బోర్డుకు చెప్పేది, రెండోది ఎంత వేగంతో తిరగాలో పంపుకు చెప్పే పీడబ్ల్యూఎం తీగ. బలమంతా పవర్ సప్లై నుంచి వచ్చే సాటా లేదా మోలెక్స్ కనెక్టర్ నుంచే. వేగం చెప్పే తీగను ప్రాసెసర్ ఫ్యాను పిన్నుకే తగిలించండి, లేకపోతే ఫ్యాను లేదంటూ చాలా బోర్డులు బూటయ్యేటప్పుడే అడ్డం తిరుగుతాయి. పంపు ఆగిపోయిన రోజున హెచ్చరించేది కూడా ఆ తీగే.