పియానో ముందు కూర్చుంటేనే చివరి రెండు వేళ్లు ముడుచుకుపోతున్నాయి, ఎవరికి చూపించాలి?

మాది హనుమకొండ. తొమ్మిదేళ్లుగా వెస్టర్న్ క్లాసికల్ పియానో వాయిస్తున్నాను, ఇంట్లో ఉన్నది 88 కీస్ డిజిటల్ పియానో, రోజుకు మూడు గంటల ప్రాక్టీస్. నాలుగు నెలల నుంచి కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు నా మాట వినడం లేదు. షోపాన్ రాసిన ఓపస్ 10 సంపుటిలో రెండో ఎట్యూడ్ (వేళ్ల సాధన కోసం రాసిన రచన; మధ్యవేలు, ఈ రెండు వేళ్లతోనే తెల్లా నల్లా కీలన్నీ వరుసగా వచ్చే క్రోమాటిక్ స్కేలు పరుగెత్తించాలి) మొదలుపెట్టిన పది నిమిషాలకే అవి అరచేతిలోకి ముడుచుకుంటాయి. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. అన్నం కలపడానికి, ఫోన్‌లో టైప్ చేయడానికి, బండి బ్రేకు పట్టడానికి ఏ ఇబ్బందీ లేదు. బల్ల మీద ఆడిస్తే మామూలుగానే ఆడతాయి, కీ తగిలిందా, లోపలికి.

మూడు వారాలు పూర్తిగా ఆపేశాను, మళ్లీ కూర్చున్న రెండో రోజుకే మొదటికొచ్చింది. నిమిషానికి 144 దెబ్బలు ఉండాల్సిన మెట్రోనోమ్ (లయ వేగం చూపే పరికరం) 60కి దించాను, సీటు ఎత్తు మార్చాను. ఇక్కడి ఎముకల డాక్టరు నరాల పరీక్ష చేయించారు, నార్మల్ అని వచ్చింది, టెన్షన్ తగ్గించుకోమని విటమిన్ బిళ్లలు రాశారు. అమ్మ నువ్వుల నూనె మర్దన కూడా అయింది.

అమెరికన్ పియానిస్ట్ లియాన్ ఫ్లైషర్‌కి 1964లో ఇవే రెండు వేళ్లు ముడుచుకున్నాయని, అది ఫోకల్ డిస్టోనియా (శరీరంలో ఒక భాగంలోని కండరాలు వాటంతట అవే బిగుసుకుపోయే నరాల సమస్య) అని, ఏళ్ల తరబడి ఎడమచేతి రచనలు వాయించి, కండరాల బిగుతు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ల తర్వాత 1990ల్లో మళ్లీ రెండు చేతులతో వేదికెక్కారని చదివినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. నాదీ అదేనని నేనే తేల్చుకోలేను కదా.

కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ ఎంతసేపు, దూరం సమస్య కాదు. హైదరాబాద్‌లో వాయిద్యకారుల చేతి సమస్యలు చూసే న్యూరాలజీ డాక్టరు మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?