రొటేషన్ చేయించినంక బ్రేకు కొడితే స్టీరింగ్ ఊగుతుంది, డిస్కులు మార్చాల్నా?

నల్లగొండ_స్విఫ్ట్
బండి 2018 స్విఫ్ట్ పెట్రోల్, 62 వేలు తిరిగింది. ముందు డిస్క్, వెనక డ్రమ్ము, అల్లాయ్ వీల్స్. టౌన్‌లనే ఒక షాపుల టైర్ రొటేషన్, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించిన. అంతకుముందు బ్రేకులకు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు నార్కట్‌పల్లి దగ్గర 65 హైవే ఎక్కి 80–90ల బ్రేకు తొక్కితే స్టీరింగ్ అటూఇటూ కొట్టుకుంటుంది, పెడల్ గూడ కాలికింద అదురుతుంది. 40 లోపల ఏం తెలుస్తలేదు. బ్రేకు ముట్టకుంటే అదే స్పీడుల సాఫీగ పోతది. ఏబీఎస్ లైటు రాలే. డిస్కులు బెండయినయ్, ప్యాడ్లతో సహా మార్చాలె అంటున్నరు. ప్యాడ్లు సగానికంటే ఎక్కువే ఉన్నయ్. మార్చేముందు ఏమేం చూడాలె?

పానా_పట్టినోడు
డిస్కులు కొనకండి అన్నా, ముందు నట్లు విప్పండి.

మీరు రాసిన దాంట్లోనే సగం జవాబున్నది. బ్రేకు తొక్కకున్నా 80 మీద ఊగితే బ్యాలెన్సింగో, టైరో, రిమ్మో అనుకోవాలె. తొక్కినప్పుడే, అదీ స్టీరింగ్‌లో వస్తుందంటే ముందు డిస్కులు సాపుగ తిరుగుతలేవన్నట్టు. సర్వీసు నుంచి బయటికి రాంగనే మొదలైంది కాబట్టి డిస్క్ అరిగి వచ్చింది కాదు, బిగింపుల వచ్చింది.

చాలా చిన్న కార్లల్ల డిస్కును హబ్ (చక్రం, డిస్క్ కూసునే తిరిగే భాగం) మీద పట్టి ఉంచేది వీల్ నట్లే. చక్రం తీయంగనే డిస్క్ వదులై కొద్దిగ ముందుకొస్తది. ఆ సందుల తుప్పు రేకో, మొరం రవ్వో పడుతది. మళ్లీ చక్రం బిగిస్తే డిస్క్ ఒక పక్కకు ఒరిగి కూసుంటది. హబ్ దగ్గర 0.05 మి.మీ. రేకు చాలు, డిస్క్ అంచుకాడ అది దాదాపు రెట్టింపు అయితది. కంపెనీలు ఒప్పుకునే ఊపే మామూలుగా 0.05 నుంచి 0.10 మి.మీ. లోపల ఉంటది. దీనికి తోడు ఎయిర్ గన్‌తో ఒక నట్టు 60 న్యూటన్ మీటర్లకు (తిప్పి బిగించే బలం కొలత, ఆ బలాన్నే టార్క్ అంటరు), ఇంకోటి 180కి బిగిస్తే హబ్, డిస్క్ రెండూ గుంజుకుపోతయ్.

చేయాల్సిన పని: ముందు చక్రాలు రెండూ తీయండి. డిస్క్ మీద, హబ్ మీద ఒక స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) పక్కన చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి తీగతో వేలాడగట్టండి, హోస్ మీద బరువు పడొద్దు. డిస్క్ ఊడదీసి హబ్ ముఖం, డిస్క్ వెనక వైపు, రిమ్ము కూసునే చోటు, మూడూ వైరు బ్రష్షుతో, 80 నంబర్ గరుకు కాగితంతో మెరిసేదాక రుద్దండి. స్టడ్ల మొదట్ల ఉండే తుప్పు గుండ్రాన్ని వదిలిపెట్టకండి, డిస్కును ఎక్కువగా ఒరగదీసేది అదే. అక్కడ గ్రీజు పూయొద్దు, స్టడ్లకు ఆయిల్ అసలే వద్దు. ఆయిల్ ఉంటే అదే టార్కుకు నట్టు ఇంకా ఎక్కువ గుంజుతది.

డయల్ గేజ్ (డిస్క్ తిరిగేటప్పుడు ఎంత ఊగుతుందో కొలిచేది) ఉన్న మెకానిక్ దొరికితే నట్ల కింద వాషర్లు ఏసి డిస్కును బిగించి, అంచు నుంచి 10 మి.మీ. లోపల కొలవండి. ఎక్కువ చూపితే డిస్కును ఒక స్టడ్ జరిపి మళ్లీ కొలవండి. నాలుగు స్థానాల్ల ఒకటి తప్పకుండ మిగతా వాటికంటే మంచిగ వస్తది.

బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు, మూడు దఫాలు. చివరి దఫా టైరు నేల మీద ఆనినంక. చిన్న కార్లకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల దాక ఉంటది, మీ బండి బుక్కుల ఏది రాస్తే అదే ఖాయం. అల్లాయ్ కాబట్టి 50–100 కి.మీ. తిరిగినంక మళ్లొకసారి చూడండి.

పాలమూరు_బ్రేక్
పైన రాసింది కరెక్టే. వెనక డ్రమ్ముల అనుమానం గూడ తీర్చుకోవాలె. ముందూ వెనకా ఎవ్వరూ లేని పొడి రోడ్డు మీద 30ల పోతూ, హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కే ఉంచి మెల్లగ గుంజుండ్రి. అది వెనక చక్రాలనే పడుతది. సీటు కింద దడదడ అంటే డ్రమ్ము గుండ్రం తప్పినట్టు, ఏం లేకుంటే వెనక మంచిగున్నట్టు.

పెడల్ అదురుడు ఆగే ముందు 10–15 స్పీడుల గుర్రుమని వస్తే అది వేరే కథ. వీల్ స్పీడ్ సెన్సారుకు మురికి పట్టి ఏబీఎస్ ఉత్తగ పని చేస్తుందన్నట్టు, లైటు రాకున్నా సరే. మీది 80 మీద అంటున్నరు కాబట్టి అది కాదు.

ఇంకొకటి, బండి బ్రేకు తొక్కినప్పుడు ఒక పక్కకు గుంజుతుందా? గుంజితే స్లైడ్ పిన్ను (కాలిపర్ అటూఇటూ జరిగే పిన్ను) పట్టేసిందేమో చూడాలె. పిన్నుకు బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజే వాడాలె, చాసిస్ గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి ఇంకా పట్టేస్తది. బ్రేకు ముట్టకున్నా గుంజితే టైరుది. ముందు రెండు టైర్లు అటుదిటు మార్చండి, గుంజుడు పక్క మారితే టైరే.

వరినాట్ల_రోడ్డు
ఇది ఈ అన్నకు కాదు, ఇట్లాంటిదే వెతుక్కుంటూ వచ్చేటోళ్లకు. నాట్లప్పుడు మిర్యాలగూడ దిక్కు ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన బురద రిమ్ము లోపల గడ్డకట్టినా 80 మీద స్టీరింగ్ ఊగుతది. బ్యాలెన్సింగ్‌కు డబ్బులు పెట్టేముందు నీళ్లు కొట్టండి. టిక్‌టిక్ అని చక్రంతో పాటు శబ్దం వస్తే కొత్తగ అంటించిన వెయిట్ కాలిపర్‌కు తగులుతుందేమో చూడండి. సన్నగ గీసుకున్నట్టు వస్తే డిస్క్ వెనక రేకు వంగి ఉంటది, స్క్రూడ్రైవర్‌తో వెనక్కి వంచితే అయిపోతది. నెమ్మదిగ పోయినప్పుడు టక్‌టక్ మని కొట్టుకుంటే మాత్రం బండి అక్కడే ఆపి నట్లు చూడాలె.

నల్లగొండ_స్విఫ్ట్
హ్యాండ్ బ్రేకు పరీక్ష చేసిన, వెనక ఏం లేదు. పక్కకు గూడ గుంజుతలేదు. నా దగ్గర టార్క్ రెంచ్ లేదు, ఉత్త పానాతో అంచనా ఎట్ల?

పానా_పట్టినోడు
లెక్క సులువే. 30 సెం.మీ. పానా చివర 29 కిలోల బలం పెడితే 85 న్యూటన్ మీటర్లు. 70 కిలోల మనిషి పానా మీద నిలబడితే 200 దాటుతది, స్టడ్లు సాగేది అట్లనే. చేత్తో గట్టిగ, ఒకే ఊపుల, నాలుగు నట్లకు సమానంగ బిగించి షాపుకు పోయి రెంచ్‌తో చూపించండి. గన్ మాత్రం ముట్టనియ్యకండి.

పాలమూరు_బ్రేక్
తుడిచి బిగించినంక గూడ పోకుంటేనే ఫేసింగ్ (లేత్ మీద డిస్క్ ముఖం సాపు చేయించుడు) సంగతి. ఒరిగిన డిస్కుతో కొన్ని వేల కిలోమీటర్లు తిరిగితే ఎత్తున్న చోటు ప్యాడుకు రాసుకుంటూ అరుగుతది. మందంలో 0.02 మి.మీ. తేడా వచ్చినా కాలికి తెలుస్తది, అప్పుడు నట్లు ఎంత సరి చేసినా లాభం లేదు. మీది ఇంకా అంతదూరం పోయి ఉండదు.

లేత్‌కు ఇచ్చేముందు డిస్క్ మీద చెక్కిన కనీస మందం చదివి మైక్రోమీటర్‌తో కొలిపించండి. దానికంటే 0.3 మి.మీ. కూడా ఎక్కువ లేకుంటే ఫేసింగ్ దండగ, కొత్తవి జతగనే కొనాలె. ఫేసింగ్ అయినంక సబ్బునీళ్లతో కడిగి, 50 నుంచి 10కి మెల్లగ తగ్గించుకుంటూ ఎనిమిది పది సార్లు బ్రేకు కొట్టండి, పూర్తిగ ఆపొద్దు. తర్వాత నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు ముట్టకుండ చల్లారనియ్యాలె. ఆ వేడి మీద టోల్‌గేటుకాడ పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడు అచ్చు డిస్క్ మీద పడి, ఇదే అదురుడు మళ్లా వస్తది.