ట్రాక్టరు, ట్రాలీ, కారు, స్కూటీకి జారిపోని లాక్ నాజిల్ ఏది తీసుకోవాలి?

కోవూరు_వరి

అందరికీ నమస్తే. మాది కోవూరు పక్కన పల్లె. ఇంట్లో ట్రాక్టరు, ట్రాలీ, కారు, మా ఆవిడ స్కూటీ ఉన్నాయి. గాలి కోసం ప్రతిసారీ రోడ్డు మీది పంచర్ షాపు దాకా పోలేక కొట్టంలోనే చిన్న కంప్రెసర్ పెట్టుకున్నాను. 2 హెచ్‌పీ మోటారు, 50 లీటర్ల ట్యాంకు. కంప్రెసర్ బాగానే పనిచేస్తోంది. తలనొప్పంతా పైపు చివర నాజిల్‌తోనే.

కంప్రెసర్‌తో పాటు వచ్చింది నొక్కి పట్టుకునే రకం. స్కూటీకైతే ఫరవాలేదు. ట్రాలీ టైరుకు మాత్రం గాలి ఎక్కేదాకా గొంతుకూర్చొని పట్టుకోవాలి, చెయ్యి కొంచెం వంకరైతే బుస్సుమని దిగిపోతుంది. మా నాన్నకు మోకాళ్ల నొప్పులు. నేను ఊళ్లో లేనప్పుడు ఆయనొక్కడే ఈ పని చేయలేడు. తగిలించి వదిలేస్తే దానంతట అదే పట్టుకునే లాక్ నాజిల్ కావాలని చూస్తున్నది అందుకే.

నెల్లూరులో ఒక షాపులో ప్లాస్టిక్ లివరుది కొన్నాను. కారుకు పట్టింది గానీ ట్రాలీకి పెడితే గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ దాటగానే జారి ఊడింది. తర్వాత ఆన్‌లైన్‌లో ఇత్తడి రంగులో మెరిసేది, స్ప్రింగు క్లిప్పు ఉన్నది తెప్పించాను. దీని పట్టు గట్టిగానే ఉంది, చిక్కు ఇంకోటి వచ్చింది. ట్రిగ్గరు, గేజీ ఉన్న గన్నుకు దీన్ని బిగించాను. టైరు నుంచి నాజిల్ తీసేసి చేతిలో పట్టుకున్నా ముల్లు సున్నాకు రాదు, 40 దగ్గరే నిలబడుతుంది. గేజీ పాడైందా, నాజిల్‌లోనే ఏదైనా ఉందా? పైగా స్కూటీ వెనక చక్రంలోకి ఇది దూరదు.

కోతలు దగ్గరపడుతున్నాయి, ట్రాలీ రోజూ లోడుతో తిరగాలి. ఏ రకం మంచిది, కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? వాడినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_కారు

నేను మరతో బిగించే రకం వాడుతున్నాను అన్నా. వాల్వ్ మీద మూతలాగే తిప్పి బిగించడమే, జారే ప్రశ్నే లేదు. ఇబ్బంది ఒక్కటే, విప్పేటప్పుడు మర పూర్తిగా ఊడేదాకా గాలి పోతూనే ఉంటుంది. అందుకని 33 కావాలంటే ఒకటి రెండు ఎక్కువ కొట్టి విప్పుతాను, ఆ తర్వాత విడి గేజీతో సరిచూస్తాను. కారుకు ఇది చాలు. ట్రాలీ, ట్రాక్టరు సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

కావలి_గాలిమిషన్

కోవూరు అన్నా, మీ గేజీ బాగానే ఉంది, నాజిల్ కూడా బాగానే ఉంది. ఆ రెండూ ఒక జత కావు, అంతే. హైవే పక్కన టైర్ల పని చేస్తాను నేను. ఇట్టాంటి సెట్టు పట్టుకొచ్చి గేజీ మార్చమని అడిగేవాళ్లను చూస్తూనే ఉంటాను. మంచి గేజీ తీసి పారేయకండి.

లాక్ నాజిల్స్ పైకి అన్నీ ఒకటిలాగే కనిపిస్తాయి, లోపల రెండు రకాలు. ఓపెన్ రకంలో అడ్డం ఏమీ ఉండదు, పైపు వైపు నుంచి నోటితో ఊదితే గాలి ఇటు వచ్చేస్తుంది. క్లోజ్డ్ రకంలో చిన్న తలుపు ఒకటి ఉంటుంది, టైరు వాల్వ్ తగిలి లోపలికి నెట్టినప్పుడే అది తెరుచుకుంటుంది. కంప్రెసర్ పైపు నేరుగా నాజిల్‌కు వచ్చే చోట, మధ్యలో ట్రిగ్గరు లేని చోట క్లోజ్డ్ ఉండాలి, లేకపోతే టైరుకు పెట్టకముందే ట్యాంకు ఖాళీ అవుతుంది. మీకు గన్ను ఉంది. గాలిని ట్రిగ్గరే ఆపుతుంది కాబట్టి మీకు ఓపెన్ కావాలి.

మీరు తెప్పించింది క్లోజ్డ్ అయ్యుంటుంది. టైరు నుంచి తీయగానే ఆ తలుపు మూసుకుంది. ట్రిగ్గరుకూ తలుపుకూ మధ్య ఇరుక్కున్న గాలికి దారి లేదు, ముల్లు చూపిస్తున్నది ఆ గాలినే. టైరుకు తగిలించి ఉన్నప్పుడు కూడా ఈ జతలో గేజీ లెక్కను నమ్మి బండి బయటికి తీయకండి. ఓపెన్ నాజిల్ పెడితే ట్రిగ్గరు వదలగానే ముల్లు టైరు లెక్కకు వచ్చి ఆగుతుంది, నాజిల్ తీయగానే సున్నాకు పడుతుంది. కొనేముందు షాపులోనే నోటితో ఊది చూడండి. డబ్బా మీద ఏం రాసి ఉన్నా ఈ పరీక్ష తప్పు చెప్పదు.

ఇక పట్టు సంగతి. ప్లాస్టిక్ లివరు రకంలో మరను పట్టుకునే పళ్లు ఉండవు. లివరు లేపితే లోపలి రబ్బరు గొట్టం నలిగి వాల్వ్ చుట్టూ బిగుసుకుంటుంది, అంతే. కాలు పంపుకు, కారుకు సరిపోతుంది. రబ్బరు అరిగినా, నూనె తగిలినా జారుతుంది. క్లిప్పు రకంలో ఇత్తడి పళ్లు స్ప్రింగు బలంతో వాల్వ్ మరలోకి దిగుతాయి. మీకు కావాల్సింది అదే. ఆ పళ్లను బాగా చూసి కొనండి. క్లిప్పు నొక్కి వెలుతురుకు పట్టుకుంటే లోపల మర గాళ్లు కనిపించాలి. నున్నగా ఉంటే వద్దు. ఒకే పంటి మీద వేలాడే వాటికన్నా చుట్టూ రెండు మూడు వైపుల నుంచి పట్టేవి మేలు.

గాలి వెనక్కి నెట్టే బలం మనం అనుకున్నంత ఉండదు. రబ్బరు వాషరు 8 మిల్లీమీటర్లు ఉంటే లారీ టైరులో 110 పీఎస్ఐ ఉన్నా నాజిల్‌ను బయటికి తోసేది నాలుగు కిలోల లోపే. ఊడిపోయేది ఎక్కువగా పైపు లాగడం వల్ల. బరువైన రబ్బరు పైపు నాజిల్‌కు వేలాడుతూ ఉంటే పళ్లు పక్కకు ఒరుగుతాయి, ఒక వైపు వదులవుతుంది, ఇంక బుస్సే. గన్నుకూ నాజిల్‌కూ మధ్య మెత్తటి సన్న పైపు ఉన్న సెట్టు తీసుకోండి. మెలి తిరిగినా విరగని, అటూ ఇటూ తిరిగే కీలు ఉంటే ఇంకా మంచిది. కారు ట్యూబ్‌లెస్ చక్రాలకు ఉండేది రబ్బరు వాల్వ్. పాతబడి మొదట్లో పగుళ్లిచ్చిన దానికి బరువైన నాజిల్ తగిలించి వదిలేస్తే మొదలు దగ్గరే చీలుతుంది. అలాంటి వాల్వ్‌కు చెయ్యి కింద పెట్టి పట్టుకోండి, వీలైనంత త్వరగా వాల్వ్ మార్పించండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యం లోపలి వాషరు మార్చుకునే వీలు. ఏ నాజిల్ అయినా మొదట పాడయ్యేది ఆ చిన్న రబ్బరు ముక్కే. ముందు భాగం మరతో ఊడివచ్చి, వాషరు విడిగా దొరికేదైతే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. నొక్కి మూసేసిన రకమైతే వాషరు పోయిన రోజు మొత్తం పారేయాలి. నైట్రైల్ రబ్బరు వాషరు అడగండి. కంప్రెసర్ గాలితో పాటు కొద్దిగా ఆయిల్ వస్తుంది, మామూలు రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. మన సముద్రపు గాలికి ట్యాంకులో నీళ్లు కూడా బాగా చేరతాయి. పని అయ్యాక ట్యాంకు కింది కుళాయి తిప్పి ఆ నీళ్లు వదిలేయండి.

ఇత్తడి రంగు చూసి ఇత్తడి అనుకోవద్దు. కనపడని మూల ఒకటి చూసి ఆకురాయితో కొంచెం గీకండి. లోపల కూడా పసుపే ఉంటే ఇత్తడి. తెల్లగా, బూడిద రంగులో కనిపిస్తే జింకు పోతపోసి పైన పూత వేసింది, దాని పళ్లు తొందరగా అరుగుతాయి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర వాడే నాజిల్స్ మా దగ్గరికి తుప్పు పట్టి స్ప్రింగు కదలని స్థితిలో వస్తుంటాయి. ఉప్పు గాలి ఉన్న చోట స్ప్రింగు కూడా స్టెయిన్‌లెస్ స్టీలుదే ఉండాలి.

ఆన్‌లైన్‌లో అమెరికా సరుకు కొనేవాళ్లు పైపు వైపు మర చూసుకోవాలి. మన దగ్గర ఎక్కువగా పావు అంగుళం బీఎస్‌పీ, అంగుళానికి 19 మరలు. అమెరికాది ఎన్‌పీటీ, అంగుళానికి 18. మొదటి ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా కారుతూనే ఉంటుంది. టైరు వైపు ఆ బాధ లేదు. టైర్లకు ఉండే ఈ వాల్వ్‌ను ష్రేడర్ వాల్వ్ అంటారు, 1890ల నాటి డిజైన్, స్కూటీ నుంచి లారీ దాకా బయటి మర ఒకటే. అందుకే నాజిల్ ఒకటే అన్నిటికీ సరిపోతుంది.

స్కూటీకి మాత్రం చోటు సమస్య. చిన్న చక్రం, మధ్యలో బ్రేకు డ్రమ్ము. పొడుగు నాజిల్ తల దూరదు. తల పక్కకు తిరిగి ఉన్న పొట్టి రకం తీసుకోండి, లేదా వంకర ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టుకొని గాలి కొట్టాక తీసేయండి. దాన్ని వాల్వ్‌కే ఉంచి తిప్పితే బరువుకు వాల్వ్ ఊగుతుంది.

చీమకుర్తి_టిప్పర్

కావలి అన్న చెప్పినదానికి ఒక మాట కలుపుతున్నాను. మాది గ్రానైటు లోడు, క్వారీ దుమ్ములోనే బతుకు. వాల్వ్‌కు మూత లేకపోతే మరలో రాతిపొడి గట్టిపడి ఏ నాజిల్ పళ్లూ దిగవు. తగిలించే ముందు పాత టూత్‌బ్రష్‌తో మర రుద్దండి. ఒకసారి కొంచెం గాలి వదిలితే వాల్వ్ లోపలి పిన్ను చుట్టూ ఉన్న పొడి ఎగిరిపోతుంది. లేదంటే అది టైరులోకి పోయేటప్పుడు పిన్ను సీటు మీదే కూర్చుంటుంది, తర్వాత రాత్రంతా సన్నగా గాలి దిగుతుంది.

అసలు చెప్పాలనుకున్నది వేరే. లాక్ నాజిల్ మోకాళ్ల సుఖం కోసం మాత్రమే కాదు, ప్రాణం కోసం. లారీలకు, కొన్ని ట్రాలీలకు టైరును పట్టి ఉంచే విడి రింగు ఉన్న డిస్కులు ఉంటాయి. రింగు సరిగా కూర్చోకుండా గాలి కొడితే అది ఎగిరిపడుతుంది, ఎదురుగా ఉన్న మనిషి మిగలడు. నొక్కి పట్టుకునే నాజిల్ అయితే మనిషి సరిగ్గా ఆ ఎదురుగానే వంగి ఉంటాడు. లాక్ నాజిల్ తగిలించి, పొడుగు పైపు చివర గేజీ, ట్రిగ్గరు పట్టుకొని టైరు ముఖానికి పక్కగా, దూరంగా నిలబడి కొట్టాలి. అమెరికాలో పనిచోట భద్రత చూసే ఓషా సంస్థ పెట్టిన 1910.177 అనే నియమం పెద్ద టైర్ల పనికి ఇదే తప్పనిసరి చేసింది: క్లిప్ నాజిల్, మధ్యలో వాల్వ్, గేజీ, మనిషి పక్కకు నిలబడేంత పైపు. టైరు కొత్తగా ఎక్కించినప్పుడు ఇనుప బోనులో పెట్టి కొట్టాలి. రింగు డిస్కు టైరు ఉండాల్సిన గాలిలో 80 శాతం, అంతకన్నా తక్కువతో నడిచి వస్తే చక్రం విప్పి లోపల చూడకుండా గాలి ఎక్కించకూడదు. మీ ట్రాలీ డిస్కు ఎలాంటిదో ముందు చూసుకోండి అన్నా. రింగు ఉంటే మీ నాన్నగారిని ఒంటరిగా ఆ పనికి పంపకండి.

కోవూరు_వరి

కావలి అన్నా, ఊది చూశాను, గాలి రాలేదు. క్లోజ్డే. గన్ను తీసేసి నేరుగా పైపుకు పెట్టుకుంటాను దాన్ని, గన్నుకు ఓపెన్‌ది వేరే తెస్తాను. ట్రాలీ డిస్కులు ఒకటే ముక్క, రింగు లేదు. చీమకుర్తి అన్నా, అయినా పక్కనే నిలబడమని నాన్నకు చెప్పాను, పైపు కూడా పొడుగుది వేస్తున్నాను.

ఇంకొకటి అడగాలి. ట్రాక్టరు వెనక టైర్లలో నీళ్లు నింపి ఉన్నాయి. వాటికి కూడా ఈ నాజిల్ పెట్టొచ్చా? నా గేజీ 220 పీఎస్ఐ దాకా ఉన్నది.

కావలి_గాలిమిషన్

పెట్టొచ్చు. నీళ్లు నింపే వాల్వ్ మొదలు లావుగా ఉన్నా, గాలి కొట్టే కొస మామూలు మరే. చక్రాన్ని తిప్పి వాల్వ్ పైకి వచ్చేలా నిలపండి. అలా నిలిపి వాల్వ్ దాకా నింపితే టైరులో మూడు వంతుల నీళ్లు, పైన ఒక వంతు గాలి ఉంటాయి. వాల్వ్ కింద ఉన్నప్పుడు నాజిల్ పెడితే నీళ్లు గన్నులోకి, గేజీలోకి వస్తాయి. లెక్క కూడా తప్పుతుంది, పైనున్న నీటి బరువుకు ఒక్కో అడుగుకు దాదాపు అర పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. కారు టైరుకైతే పట్టించుకోకపోవచ్చు గానీ ట్రాక్టరు వెనక టైరుకు పొలంలో ఉండేదే 12, 14. అక్కడ రెండు పీఎస్ఐ తేడా అంటే చాలా ఎక్కువ.

అదే కారణానికి ఈ టైర్లకు మీ గేజీ పనికిరాదు. 220 దాకా ఉన్న ముఖం మీద 12కూ 16కూ మధ్య ముల్లు కదలిక కంటికి ఆనదు. 60 దాకా మాత్రమే ఉన్న గేజీ ఇంకోటి తీసుకొని ట్రాక్టరుకు, స్కూటీకి, కారుకు అది వాడండి, పెద్దది ట్రాలీకి ఉంచండి. దుక్కికి ఎంత, లోడు లాగేటప్పుడు ఎంత అన్నది ట్రాక్టరు పుస్తకంలో విడివిడిగా ఇచ్చి ఉంటుంది, దాని ప్రకారం పోండి. పని అయ్యాక నాజిల్ తీసి, ట్రిగ్గరు ఒకసారి ఖాళీగా నొక్కితే లోపలి తడి బయటికి పోతుంది. ఓపెన్ రకంతో అది వీలవుతుంది, క్లోజ్డ్ రకంలో అయితే తడి లోపలే ఉండి స్ప్రింగును తినేస్తుంది.