సమస్య: తలను నరికినంత తాను నవ్వె

సంచాలకుడు:
నిన్న రాత్రి ‘ది గ్రీన్ నైట్’ మళ్ళీ చూశాను. డేవిడ్ లౌరీ 2021లో తీసిన సినిమా, దేవ్ పటేల్ ఆర్థర్ రాజు మేనల్లుడు గవెయిన్‌గా వేసినది. ఆకుపచ్చ యోధుడు గవెయిన్ దెబ్బకి తెగిపడిన తన తలను తానే పట్టుకుని, ఏడాదికి మళ్ళీ కలుద్దామని గుర్తుచేసి, గుర్రం మీద నవ్వుకుంటూ పోతాడు. ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు. పొద్దున్నకి పాదం తయారైంది:

తలను నరికినంత తాను నవ్వె

దీన్నే నాలుగో పాదంగా ఉంచి, మిగతా మూడూ తెరకెక్కిన ఆర్థర్ రాజు కథల్లోంచే పూరించాలి. పాలపిట్ట గారూ, తెగిన తలతోనే కురుక్షేత్రం చూసిన బర్బరీకుణ్ణి ఈసారికి వదిలేయండి.

గోదారిగట్టు:
పచ్చ యోధు డొకడు పండుగ దినమందు
గొడ్డలొక్కటిచ్చి కొట్టుమనగ
గవెయినపుడు లేచి ఘాతమ్ము వేసి యా
తలను నరికినంత తాను నవ్వె

నల్లరేగడి:
ధార బాగుంది. గవెయిన్ పేరుతో పాదం మొదలుపెట్టి యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) ఇంత సులువుగా కుదర్చడం మీకే చెల్లింది. కానీ అన్వయం చూడండి. లేచింది గవెయిన్, దెబ్బ వేసింది గవెయిన్, నరికింది గవెయిన్. అప్పుడు ‘తాను’ కూడా గవెయినే అవుతాడు కదా. సినిమాలో నవ్వింది తల పోయినవాడు, మీ పద్యంలో నవ్వింది తల తీసినవాడు.

గోదారిగట్టు:
సందర్భం పైన సంచాలకులే చెప్పారు, చదివేవాళ్ళకి సందేహం రాదు. అయినా మీరు పట్టుకుంటే వదలరని తెలుసు. ‘ఘాతమ్ము వేసి యా’ తీసేసి ‘ఘాతమ్ముతో తన’ అనండి. తన తల, తన నవ్వు. సరేనా?

కందిచేను:
నాది 1975 నాటి ‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’ నుంచి. గుహ దగ్గర కుందేలు, టిమ్ అనే మాంత్రికుడు.

గుహకు ముందు తెల్ల కుందేలు కూర్చుండి
వాడి పళ్ళతోడ మీద దూకి
మాట వినరటన్న మాంత్రికు డెదుటనే
తలను నరికినంత తాను నవ్వె

పాలపిట్ట:
కుందేలును పద్యంలోకి తెచ్చినందుకే నా ఓటు. రెండో పాదంలో యతి పోయింది తల్లీ. ‘పైకి దూకి’ అంటే నిలబడుతుంది.

కందిచేను:
సరిచేస్తున్నాను బాబాయ్ గారూ. ‘వాడి పళ్ళతోడ పైకి దూకి’.

నల్లరేగడి:
యతి కుదిరింది, క్రియ కుదరలేదు. కుందేలు నరకదు, కొరుకుతుంది. ‘తలను కొరికినంత’ అంటే ఛందస్సుకి ఏ లోటూ లేదు గానీ, ఇచ్చిన పాదాన్ని మార్చే హక్కు మనకు లేదు. అయితే ‘తాను’ ఎవరో ఈ పద్యంలో తేలిగ్గానే తెలుస్తోంది. ముందే చెప్పానుగా అని దెప్పే టిమ్ స్వభావం ‘మాట వినరటన్న’లో సరిగ్గా పడింది. పెద్దలు దీన్ని చూసి నేర్చుకోవాలి.

ఇక నాది.

మాలరీ రచనను మార్చి చిత్రము తీయ
కాల మల్పమనుచు కత్తి పట్టి
మెర్లినద్ది చూచి మేలైన తనదు క
తలను నరికినంత తాను నవ్వె

మాలరీ ఆర్థర్ కథల్ని ఒక గ్రంథంగా కూర్చినవాడు, మెర్లిన్ ఆ కథల్లోని మాంత్రికుడు. 1981లో జాన్ బూర్మన్ తీసిన ‘ఎక్స్‌కాలిబర్’ నా మనసులో ఉంది. 1485లో ముద్రాపకుడు కాక్స్‌టన్ అచ్చువేసినప్పుడు 21 భాగాలుగా విడదీసిన మాలరీ గ్రంథాన్ని ఒక్క సినిమాలో పెట్టాలంటే కత్తి పట్టక తప్పదు. మాలరీలో ఆర్థర్ కొడుకు మోర్డ్రెడ్‌కి తల్లి మోర్గాజ్. సినిమాలో ఆమె లేనేలేదు, ఆ పని కూడా ఆర్థర్ అక్క, మాంత్రికురాలు మోర్గానాకే అప్పగించారు.

పాలపిట్ట:
‘క’ను పై పాదంలో వదిలి తలల్ని కతలు చేశారే! ఇవాళ్టికి ఇదే.

గోదారిగట్టు:
ఆగండి. ఒక అక్షరం పై పాదంలోకి జరపడం అవధానాల్లో అరిగిపోయిన ఉపాయం. దాని మీద నాకు పేచీ లేదు, నేనూ వాడాను. నా ప్రశ్న వేరు. తన కతలు నరుకుతుంటే మెర్లిన్ ఎందుకు నవ్వుతాడు? ఏడవాలి, లేదా శపించాలి. ‘నవ్వె’ ఇచ్చారు కాబట్టి నవ్వించారు. నా ‘తాను’ను తప్పుపట్టినవారు తమ ‘నవ్వె’కు కారణం చెప్పాలి.

ఇంకో మాట. ఇదివరకు ఇచ్చిన ‘నీటి నుండి లేచె నిలువు కత్తి’ సమస్యలో నల్లరేగడి గారే రాతిలోని కత్తినీ సరస్సులోని కత్తినీ ఒకటి చేసి పూరించారు. మాలరీలో అవి రెండు. రాతిలోంచి తీసినది పెల్లినోర్ రాజుతో పోరులో విరుగుతుంది, ఆ తర్వాతే సరస్సు కన్య దగ్గర రెండోది దొరుకుతుంది. ఆ పద్యానికి అప్పట్లో అందరూ చప్పట్లు కొట్టారు.

నల్లరేగడి:
ఆ పద్యం సినిమా మీద రాసింది, మాలరీ మీద కాదు. బూర్మన్ సినిమాలో కత్తి ఒక్కటే. ఆర్థర్ తండ్రి ఊథర్ రాతిలో దించుతాడు, ఆర్థర్ పెరుకుతాడు, లాన్సెలాట్ అనే యోధుడితో పోరులో విరిగితే సరస్సు కన్య అతికించి ఇస్తుంది. ఆర్థర్ తన పొగరుతో విరగ్గొట్టుకున్న కత్తే తిరిగి చేతికొస్తుంది కాబట్టి ఆ ఘట్టానికి అంత బలం. రెండు కత్తులుంటే ఆ బలం రాదు. నేను ఆ పద్యంలో అక్షరం కూడా మార్చను.

మెర్లిన్ నవ్వుకు కారణం చెబుతాను. జెఫ్రీ ఆఫ్ మాన్మత్ 1150 ప్రాంతంలో లాటిన్ పద్యాల్లో మెర్లిన్ చరిత్ర రాశాడు. అందులో రాణి జుట్టులో చిక్కిన ఆకును రాజు తీస్తుంటే మెర్లిన్ నవ్వుతాడు, ఆ ఆకు ఎక్కడ అంటుకుందో తనకు తెలుసు కాబట్టి. చెప్పులతో పాటు అతుకు ముక్కలు కూడా కొనుక్కుంటున్న కుర్రవాణ్ణి చూసి నవ్వుతాడు, వాడు నీళ్ళలో మునిగి చనిపోతాడని తెలుసు కాబట్టి. ఎదుటివాళ్ళకు కనపడనిది కనపడినప్పుడల్లా అతను నవ్వుతాడు. కతల్ని ఎంత నరికినా మళ్ళీ మొలుస్తాయని తెలిసినవాడు నవ్వక ఏం చేస్తాడు? 2008లో బీబీసీ వాళ్ళు అతన్ని కుర్రవాణ్ణి చేసి, ఆర్థర్‌కి పనివాడిగా పెట్టి, 2012 దాకా ఐదు సీజన్లు నడిపారు.

గోదారిగట్టు:
ఆకు సంగతి బాగుంది. అది పద్యంలో ఉండాల్సింది, వివరణలో కాదు.

పాలపిట్ట:
మీ ఇద్దరి గొడవలో అసలు విషయం జారిపోతోంది. నేను ‘ది గ్రీన్ నైట్’ మూలకావ్యం తిరగేశాను, 14వ శతాబ్దపు ఆంగ్ల కావ్యం. అందులో ఆకుపచ్చ యోధుడు తల పట్టుకుని మాట్లాడి వెళ్ళిపోయాక, నవ్వింది ఆర్థరూ గవెయినూ! పైగా అక్కడ గవెయిన్ కొట్టింది యోధుడిచ్చిన గొడ్డలితోనే. సినిమాలో అయితే రాజు ఇచ్చిన కత్తితో కొడతాడు. గోదారిగట్టు గారు ‘గొడ్డలొక్కటిచ్చి’ అన్నారు. అంటే పద్యం కావ్యం వైపుంది. అప్పుడు ‘యా’నే ఒప్పు. ‘తన’ పెడితే గొడ్డలి కావ్యానిది, నవ్వు సినిమాది అవుతుంది.

నల్లరేగడి:
దీన్ని ఒప్పుకోవాల్సిందే. నేను తప్పన్న అన్వయమే మూలానికి సరిపోయింది. ‘యా’ ఉంచండి గోదారిగట్టు గారూ.

గోదారిగట్టు:
సమస్య ఇచ్చింది తెర కథల్లోంచి. కాబట్టి గొడ్డలే పోవాలి. ఇదే నా చివరి పాఠం:

పచ్చ యోధు డొకడు పండుగ దినమందు
కోరి కత్తి దూసి కొట్టుమనగ
గవెయినపుడు లేచి ఘాతమ్ముతో తన
తలను నరికినంత తాను నవ్వె

సంచాలకుడు:
ఇది తీసుకుంటున్నాను. మొదటి పాఠాన్ని కూడా పక్కన ఉంచుతాను, కావ్యం వైపు నుంచి అది నిర్దోషం. కందిచేను గారి కుందేలుకు యతి సరిచేసిన పాఠమే లెక్క. నల్లరేగడి గారి ‘కతలను’ విరుపు ఈ వారం వచ్చినవాటిలో మేటి, కానీ ఆకును పద్యంలోకి తెస్తూ ఇంకొకటి రాయమని నా కోరిక. గడువు ఆదివారం రాత్రి దాకా ఉంది.