సుగ్గికి పోయే పిల్లలకి వాతావరణ మార్పు పాఠం ఎట్లా చెప్పాలి?

కోసిగి దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్తాను. తొమ్మిదో తరగతికి వాతావరణ మార్పు, వలసలు కలిపి చెప్పాలి. దొరికే ఉదాహరణలన్నీ మునిగే దీవులు, కరిగే మంచు. నా క్లాసులోనేమో దీపావళి దాటితే బెంచీలు ఖాళీ అవుతాయి, పత్తికీ మిరపకీ అమ్మానాయన్లతో గుంటూరు వైపు కూలికి వలస పోతారు, దాన్నే మా వైపు సుగ్గి అంటారు. పోయినేడు "ఎవరింట్లో సుగ్గికి పోతారు, చేతులెత్తండి" అన్నాను. ఒక పాప దించిన తల పీరియడ్ అయ్యేదాకా ఎత్తలేదు. తప్పు చేశాననే బాధ ఇంకా ఉంది.

– మేడమ్, ఈసారి ఇంటి సంగతి అడక్కుండా వాన నుంచి మొదలుపెట్టండి. మాది అనంతపురం, నేను జూన్‌లోనే వాన కొలవడానికి నిటారుగా ఉండే ప్లాస్టిక్ బాటిల్ మెడ కోసి, దాన్నే గరాటులా బోర్లించి, అడుగున గులకరాళ్ళు, అవి మునిగేదాకా నీళ్ళు పోయించి అక్కడ సున్నా గీత పెట్టిస్తాను. 2.5 మి.మీ. పడితేనే వాతావరణ శాఖ లెక్కలో అది వాన రోజు. ఏడాది మొత్తం వాన బాగున్నా, శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు చినుకు లేకపోతే పంట పోతుంది. ఇది పిల్లలే మనకు చెప్తారు.

– సార్ చెప్పింది బాగుంది, కానీ కరువంతా వాతావరణ మార్పు వల్లే అని మాత్రం చెప్పొద్దు. మనది వానచాటు సీమ, నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోతాయి. 1876–78 ధాత కరువు గురించి అవ్వతాతలు ఇప్పటికీ చెప్తారు. భూమి వేడి 1850–1900 నాటికంటే 1 డిగ్రీకి పైగా పెరిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అందుకే పడితే కుండపోత, పడకపోతే నేల తొందరగా ఎండుతుంది. పాత కరువుకి ఇది తోడైంది. ఎండిన బోర్లూ అప్పులూ వేరే లెక్క, అవీ చెప్పాలి.

– మరి మార్చి తర్వాత తిరిగొచ్చే పిల్లలు?

– వాళ్ళనే అడగండి మేడమ్, సాగర్ కుడి కాలువ కింద మిరపకి నీళ్ళెట్లా పెడతారని. తుంగభద్ర దిగువ కాలువ చివరి పొలాలకి నీళ్ళెందుకు అందవో క్లాసంతా మాట్లాడుతుంది. చూసొచ్చినవాళ్ళుగా చెప్తారు కాబట్టి తల దించుకోరు. అమ్మానాయన్లు వలస పోయినన్నాళ్ళు పిల్లలు ఊర్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ కోసం మాత్రం దసరాకి ముందే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని కలవండి, ఊరు ఖాళీ అయ్యాక తెరిస్తే లాభం లేదు.

– కలుస్తాను సార్. బాటిల్ ఎక్కడ పెట్టాలి?

– చెట్టుకీ గోడకీ దూరంగా, ఆరుబయట. రోజూ పొద్దున 8:30కి కొలవండి.