ఫోటో వ్యాసం మీద విశ్లేషణ రాయడం ఎలా?

ప్రశ్న: పన్నెండు ఫోటోల వ్యాసం (వరసగా పేర్చిన ఫోటోలతో కథ చెప్పేది) మీద విశ్లేషణ రాయాలి. ఏ ఫోటోలో ఏముందో వరసగా రాసుకుపోతే "ఇది వర్ణనే, విశ్లేషణ కాదు" అంటున్నారు. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: ఫోటోలు విడివిడిగా చూస్తున్నారు, ఒకదాని తర్వాత ఒకటి ఎందుకొచ్చిందో అడగట్లేదు. ముందు క్యాప్షన్లు కాగితంతో మూసేయండి. ఒక్కో ఫోటోకి ఒక్క వాక్యం, అదీ కంటికి కనిపించేదే. "దిగులుగా ఉన్నాడు" వద్దు, "తల వంచి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు" అని రాయండి. పక్కన కెమెరా ఎంత దూరం నుంచి చూస్తోందో గుర్తు పెట్టండి: దూరం అయితే దూ, మధ్యస్థం మ, దగ్గర ద. తర్వాత గుర్తులొక్కటే చదవండి. మాటకి, ఒకచోట ఇలా వచ్చాయనుకోండి: దూ, దూ, మ, ద, ద, ద, దూ. దగ్గరివి మూడు ఒక్కచోటే పడ్డాయంటే బిగువు అక్కడుంది. వెంటనే కెమెరా అంత దూరం ఎందుకు జరిగింది? మీ మొదటి పేరా ఆ ప్రశ్నతో మొదలవ్వాలి.

ఇంకో జవాబు: క్యాప్షన్లు తెరిచాకే అసలు చిక్కు. 1948లో లైఫ్ పత్రికలో అమెరికా ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ చేసిన ఫోటో వ్యాసం 'కంట్రీ డాక్టర్' తీసుకోండి. కొలరాడోలోని క్రెమ్లింగ్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ సెరియానీ చేసే పని గురించి అది. ఒక ఫోటోలో ఆయన ఆపరేషన్ గౌను, టోపీ కూడా తీయకుండా వంటగదిలో గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. చేతుల్లో కాఫీ కప్పు, సిగరెట్టు. పత్రిక క్యాప్షన్ ప్రకారం, రాత్రి రెండింటికి ఆపరేషన్ ముగించి కాఫీ తాగుతున్నాడు. ఆ ఆపరేషన్ ఒక కాన్పుదనీ, తల్లీబిడ్డా దక్కలేదనీ అన్నది ఈ ఫోటో గురించి తర్వాత విరివిగా చెప్పుకునే మాట. మొదటిది చదివితే అలసట కనిపిస్తుంది, రెండోది వింటే ఓటమి. అందుకే కాగితం మీద మూడు గళ్లు గీయండి: కనిపించింది, క్యాప్షన్ చెప్పింది, బయట విన్నది. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఈ మూడూ కలిపేసే చోటే.

ప్రశ్న: నలుపు తెలుపు కాబట్టి విషాదం అని రాయొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ రోజుల్లో పత్రికల్లో వార్తా ఫోటోలు చాలామటుకు నలుపు తెలుపే. రంగుల్లో తీసే వీలుండి కూడా వద్దనుకుంటే అప్పుడు మాట్లాడొచ్చు. వెలుగు ఎవరి మీద పడింది, ఎవరు నీడలో ఉన్నారు, అది చూడండి.

ఇంకో జవాబు: సైజు మర్చిపోకండి. రెండు పేజీల మేర పరిచిన ఫోటో, మూలన అగ్గిపెట్టంత ఫోటో ఒకే బరువు మోయవు. ఫోన్‌లో అన్నీ ఒకే వెడల్పున వస్తాయి, కాబట్టి అచ్చయిన పేజీల స్కాన్ దొరికితే అదే చూడండి. ఇంకోటి, వరస పేర్చింది ఎవరో తెలియకుండా "ఫోటోగ్రాఫర్ ఉద్దేశం" అని రాయొద్దు. చాలాసార్లు అది ఎడిటర్ల పని. 1954లో, ఆఫ్రికాలో ఆసుపత్రి నడిపిన డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ మీద చేసిన వ్యాసం విషయంలో ఎడిటర్లతో తగువు ముదిరే స్మిత్ లైఫ్‌ని వదిలేశాడు.

ప్రశ్న: పన్నెండింటి గురించీ రాయాలా?

జవాబు: అక్కర్లేదు. మొదటిది, చివరిది, మలుపు దగ్గరివి రెండు. ఏవి మలుపో తేలకపోతే ఒక్కోటి చేత్తో మూసి మిగతావి చూడండి. ఏది లేకపోతే కథ తెగుతుందో అదే.